ఫౌంటెన్‌లో మరిచిపోయిన పుస్తకం

ఈ రోజు మళ్ళీ కొల్లాపూర్ రాజుగారి బంగ్లా తోటకు వెళ్ళాను. ఎండాకాలంలో వెళ్ళినప్పుడు ఫౌంటెన్ తొట్టి ఎండిపోయి ఉంటే, అందులోకి దిగి గోడ నీడన చదువుకున్నాను. వచ్చేటప్పుడు పుస్తకం మరిచిపోయాను. అది నాది కాదు, కాన్వెంటులో నాకు పాఠాలు చెప్పిన సిస్టర్‌ది. ఎక్కడ వదిలానో మొన్ననే గుర్తొచ్చింది. అప్పటిదాకా కాన్వెంటు వైపు వెళ్ళకుండా తప్పించుకు తిరిగాను.

తోటంతా పచ్చగా ఉంది. తొట్టి నిండా వాన నీళ్ళు. గట్టు మీంచి వంగి నీళ్ళలోకి వెతికాను.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది గడ్డి పీకుతున్న తోటపని అవ్వ.

చెప్పాను. తన గదికి తీసుకెళ్ళి, దేవుని గూట్లోంచి పుస్తకం తీసిచ్చింది. వానలకు ముందే తొట్టి ఊడుస్తుంటే దొరికిందట. ఒక్క పేజీ కూడా తడవలేదు. అట్ట మీద మాత్రం పసుపూ కుంకుమా ఉన్నాయి.

"బొట్టెందుకు పెట్టినవ్ అవ్వా?"

"దసరాకు మా మనుమరాలి పుస్తకాలన్నిటికి వెట్టిన. దీన్నొక్కదాన్ని ఒట్టిగ ఎట్ల ఇడుస్త? ఇది గూడ సదువులతల్లే గదా!"

ఇన్ని నెలల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. బస్సులో చున్నీతో అట్ట తుడవబోయి, మనసొప్పక ఆగిపోయాను. రేపు అలాగే సిస్టర్ చేతికిస్తాను. బొట్టు చూసి ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసినప్పుడు ఏం చెప్పాలో కాస్త మీరే చెప్పండి.