మా పాలికి వచ్చిన కుక్క

మా నాయన పుంగనూరు పక్క పొట్టేలు కొనేదానికి పోయి, పొట్టేలు లేకుండా కుక్కపిల్లతో వచ్చినాడు. తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకొని బస్సు దిగినాడు. మా అమ్మ చూసి, "పొట్టేలు అంటే ఇదేనా? బాగుండాది బేరం!" అనింది. నాయన నేరుగా దొడ్లోకి పోయి, గొర్రెపిల్లల్ని మూసిపెట్టే గంప ఎత్తి, కుక్కపిల్లను వాటి నడాన వదిలేసినాడు.

మా తంబళ్లపల్లె పక్క మందకు కుక్కను అట్లే పెంచుతారు. ఇంట్లోకి రానీరు, ఒళ్లోకి ఎక్కనీరు. అది గొర్రెపిల్లల్లో పడుకోవాల, ఈనిన గొర్రె పాలే తాగాల. మనిషి వాసన కంటే ముందు మంద వాసన పట్టాల. "నువ్వు ముద్దు చేసినావంటే అది నీకు కాపలా కాస్తాది. గొర్రెల్ని ఎవురు కాస్తారు, మీ తాతా?" అని నాయన కసురుకునేవాడు. నేనప్పుడు మదనపల్లె కాలేజీకి బస్సులో పోయొస్తా ఉన్నా. సాయంత్రం నా అడుగుల సప్పుడు వింటే సాలు, గంప సందులోంచి ముక్కు బయటపెట్టి కుయ్ కుయ్ అనేది. ముద్దు చేయకుండా ఎట్లుండేది చెప్పండి!

ఆ పిల్లతనంలో అది కొరకని వస్తువు లేదు. అమ్మ చీపురు, నా బ్యాగు పట్టీ, చిన్నాయన కొత్త చెప్పులు. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. అందరం ఒకే ఇంట్లో ఉంటిమి, మంద కూడా ఒకటే. చెప్పు పోయినా ఆయనకు కోపం రాలేదు. దానికి కాళ్లు సాగేదాకా కంబళి మడతలో వేసుకొని గుట్టకు మోసుకుపోయింది ఆయనే. ఉరిమితే అది పరిగెత్తి ఏదో ఒక గొర్రె కడుపు కింద దూరేది. ఆ పిరికిదాన్ని చూసి అందరం నవ్వేవాళ్లం.

ఏడాది నిండకముందే దానికి కొమ్ములొచ్చినాయి. పిలిస్తే మన పక్క చూస్తాది, రాదు. గొర్రెపిల్లల్ని ఆటకు తరుముతాది, చెవులు పట్టి లాగుతాది. ఒకరోజు ఒక పిల్ల చెవి చీలిపోయింది. నెత్తురు చూసి మా అమ్మ లబలబలాడింది. "నెత్తురు మరిగిన కుక్క ఇంక మందకు పనికి రాదు, యాడన్నా వదిలేసి రాండి" అనింది. చిన్నాయన అడ్డం పడినాడు. "వయసు వదినా అది. కొన్నాళ్లు ఓర్సుకో, అదే దారికొస్తాది" అని దాని మెడలో ఒక కొయ్యముక్క వేలాడదీసినాడు. ఉరికితే అది మోకాళ్లకు తగుల్తాది. పాపం, కొన్నాళ్లు కుంటుకుంటా తిరిగింది.

ఎప్పుడు మారిందో నాకు తెలీదు. ఒక వానాకాలం పోయినాక, బస్సు దిగి వస్తా దూరం నుంచే పిలిచినా. తల తిప్పి చూసింది. తోక ఒకసారి ఆడించింది. మళ్లా గొర్రెల పక్కకు తిరుక్కునింది. "ఏమిరా, పెద్దమనిషివి అయిపోయినావా?" అంటి. నాయనకు మాత్రం మురిపెం ముఖంలో దాగలేదు. నాకు ఏడుపొచ్చింది, నవ్వుకుంటే నవ్వుకోండి. పొద్దు గూకేటప్పుడు దొడ్డి వాకిలి దగ్గర నిలబడి, లోపలికి పోయే గొర్రెనల్లా వాసన చూసేది. ఒక్కటి తగ్గినా పడుకునేది కాదు. గుట్టంతా గాలించి తోలుకొచ్చినాకే కాళ్లు చాపేది. నా కుక్కపిల్ల ఆ వాకిట్లోనే ఎక్కడో పోయింది.

అంతలో మా చేలో బోరు ఎండిపాయె. అన్నదమ్ముల్లో ఇంకా లోతు తోడించాలని ఒకరు, వద్దని ఒకరు. మగోళ్ల మాటలు ఆడోళ్ల దాకా వచ్చినాయి. వేరు పడాలనుకున్నారు. పెద్దమనుషులు కూర్చొని మందను రెండు చేసినారు. కుక్కను ఎట్ల పంచేది? నాయన ఒక సూడిగొర్రెను ఎక్కువ వదులుకొని దాన్ని అడిగినాడు. కుక్క మా పాలికి వచ్చింది. అందరూ సరే అన్నారు. మందతో పాటు కుక్క కూడా పాలికి వస్తాదనే అందరి లెక్క. కుక్క లెక్క ఎవురికీ తెలీలేదు.

చిన్నాయన గుట్ట అవతల దొడ్డి వేసుకున్నాడు. ఆ సాయంత్రం మా గొర్రెలు లోపలికి పోయినాయి. అది అన్నింటినీ వాసన చూసి, పడుకోకుండా గుట్ట ఎక్కేసింది. సగం మంద కనబడకపోతే దానికి నిద్ర ఎట్లొస్తాది? అవతలికి పోయి చిన్నాయన గొర్రెల్ని మా పక్కకు మలేసి తోలుకొచ్చింది. "మా గొర్రెల్ని తోలుకుపోయేదానికి కుక్కను పంపినారా?" అని మా చిన్నమ్మ ఊరంతా వినేట్టు అరిచింది. నాయన సిగ్గుతో దాన్ని గొలుసేసి కట్టేసినాడు. నోరు పగిలేదాకా గొలుసు కొరికితే, మళ్లా ఆయనే విప్పినాడు.

అప్పటి నుంచి అది రెండు దొడ్లకూ కాపలా కాసింది. ఈడ మూసేయంగానే ఆడికి పోయేది, తెల్లారేసరికి వచ్చేది. పక్కటెముకలు తేలినాయి. "మీ అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే పాయె, గొర్రెల్నన్నా ఒక్క దొడ్లో తోలండి నాయనా, అది సచ్చిపోతాది" అని నేను ఎగిరినా. "నీకేం తెలుసు, నోరుమూసుకో పో" అన్నాడు. నాయన కూడా తిన్నగా తినలేకపోతాండాడని అమ్మ మాత్రం చెప్పింది నాకు.

చిన్నాయన ఎక్కువ రోజులు నిలదొక్కుకోలేదు. మంద మొత్తం మదనపల్లె సంతలో అమ్మేసి, మాకు మాటైనా చెప్పకుండా కుప్పం పోయినాడు. ఆడ చిన్నమ్మ పుట్టింటోళ్లకు మల్బరీ తోట, పట్టుపురుగులు ఉండాయి. కుక్క తెల్లారి తిరిగి రాకపోతే మాకు విషయం తెలిసింది. ఖాళీ దొడ్డి వాకిట్లో అడ్డంగా పడుకొని ఉండాది. ఎత్తుకొస్తే మళ్లా పోయింది. సంగటి ముద్ద పెడితే ముఖం తిప్పుకునింది. చివరికి నాయన మా మందనంతా గుట్ట దాటించి ఆ ఖాళీ దొడ్లోకి తోలినాడు. అది లేచి నిలబడి అన్నింటినీ వాసన చూసింది. ఆఖరి గొర్రె లోపలికి పోయినాక, వాకిలి మూయనీకుండా అడ్డం నిలబడింది.

నాయన నా ఫోను అడిగినాడు. "వాడికి కలుపు" అన్నాడు. నంబరు నొక్కి ఇచ్చినా.

"రేయ్, నేను. కుక్క కూడు ముట్టలేదు. ఒకసారి వచ్చిపోరా."

అవతల నుంచి "వస్తాన్నా" అని మాత్రం వినబడింది.

మరుసటి మధ్యాహ్నం బస్సుకు వచ్చినాడు. బాటలో ఆయన అడుగులకు అది చెవులు నిక్కించి లేచింది. తోక ఊపింది. అమ్మయ్యా, బతికింది అనుకున్నా. పోయి ఆయన కాళ్లు, లుంగీ, చేతులు అన్నీ వాసన చూసింది. "ఏమప్పా, ఇట్ల సిక్కిపోయినావే" అని చిన్నాయన రెండు చేతులా దాని తల పట్టుకోబోయినాడు. అది తల విదిలించుకొని, ఆయన్ను దాటి బాట మీదికి పోయి, ఆయన వచ్చిన పక్కే చూస్తా నిలబడింది. ఎప్పుడూ ఆయన ముందు నడిస్తే గొర్రెలు వెనక వచ్చేవి కదా.

చిన్నాయన కూడా కాసేపు అటే చూసినాడు. తర్వాత అర్థమై, వాకిట్లో రాళ్ల మీద కూలబడి తువ్వాలు ముఖాన వేసుకున్నాడు.

"నా కోసరం కాదన్నా. గొర్రెలు యెనక వస్తాండాయేమో అని సూస్తాండాది. అమ్మేసినానని దానికి ఎట్ల సెప్పేదన్నా?"

నాయన పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవురికీ దాన్ని వెనక్కి పిలిచేదానికి నోరు రాలేదు.