నడిమి చుక్క

ఢిల్లీ పక్కన ఇందిరాపురం ఫ్లాటు గుమ్మంలో ఇవాళ సుద్ద పట్టుకోగానే, ఆ వాసనకి నా కూతురు రమ కళ్ళముందు నిలిచింది. ఎనభైల్లో ఢిల్లీ క్వార్టర్లలో పిల్లల్ని పెంచిన అక్కల్లారా, స్కూళ్ళన్నీ కలిసి పెట్టే బొమ్మలు గీసే పోటీలు గుర్తున్నాయా?

రమ ఇంట్లో కాగితం మీద మెలికల ముగ్గు గీసి పోటీకి పంపింది. బహుమతి ఇచ్చేముందు, నేనూ పక్కనే ఉండగా, పోటీ పెట్టిన మేడమ్‌కి అనుమానమొచ్చింది.

"సచ్ బోలో బేటా, నిజం చెప్పు, ఇది మమ్మీ వేసిందే కదా?"

"నహీ మేడమ్, నేనే!"

"అచ్ఛా? అయితే ఇక్కడ వెయ్యి," అని సుద్దముక్క ఇచ్చింది.

అందరూ మూగారు. ఒక్క మెలిక తప్పినా నా బిడ్డ దొంగ అయిపోతుంది.

"అమ్మా, నువ్వలా చూడకు, గీత తప్పుతాను," అంది రమ.

నేనెప్పుడూ గీతని అంచు చుక్క నుంచి మొదలుపెడతాను. రమ నడిమి చుక్క నుంచి మొదలుపెట్టింది. తిరిగి తిరిగి గీత మళ్ళీ అక్కడికే వచ్చి కలిసింది. మేడమ్ రంగులపెట్టె దాని చేతిలో పెట్టింది.

పోయినేడు రమ పోయింది. అప్పట్నుంచి ముగ్గు ముట్టలేదు. ఇవాళ వేశాను, నడిమి చుక్క నుంచి.