తలకిందుల కన్ను

ఉద్యోగం నిలబడితే చాలనుకోవలసిన ఆ రోజుల్లో, నాకు సంస్కారం కూడా ఉన్నట్టు కనబడాలనిపించింది. ఇంగ్లండులో, స్విండన్ అనే ఊళ్లో, నా ప్రొబేషన్ చివరికొచ్చింది. కొత్తవాళ్లు లంచ్ వేళ అందరి ముందూ పనికి సంబంధం లేని విషయమేదైనా మాట్లాడాలి. నోరు విప్పలేనివాణ్ణి క్లయింటు ముందు కూచోబెట్టలేనని, అంటే ఉంచుకోలేనని, మేనేజరు ముందే చెప్పాడు (ఇంతకంటే మర్యాదగానే చెప్పాడు, అర్థం ఇదే). క్రికెట్ గురించి మాట్లాడితే సరిపోయేది. నేను ఒక ఫ్రెంచి సింబలిస్టు చిత్రకారుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు పలకడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

ఆయన బొగ్గుతో గీసిన బొమ్మ పోస్టరు ఒకటి కొన్నాను. పెద్ద కన్నొకటి బెలూన్‌లా ఎగురుతూ ఆకాశంలోకి చూస్తుంటుంది. నేను అద్దెకున్న ఇంటి కాకినాడ ఆంటీ దాన్ని చూసి, "దిష్టికి తెచ్చేవా బాబూ, మంచి పని చేసేవు" అని, నేను స్నానం చేసొచ్చేలోగా నిమ్మకాయా మిరపకాయల దండతో సహా గుమ్మానికి తగిలించేసింది. అదీ తలకిందులుగా.

"తిరగబడింది ఆంటీ."

"తెలుసు బాబూ. పైకి చూస్తా కూచుంటే వచ్చేవాళ్లనెవరు చూస్తారు?"

ఆ వారమంతా వస్తూ పోతూ దాన్ని అలాగే చూశాను. మాట్లాడే రోజు పొద్దున అడిగితే, "పిల్లకి దగ్గు ఇప్పుడిప్పుడే తగ్గుతోంది, సాయంత్రానికి తెచ్చెయ్" అంటూ అయిష్టంగా ఇచ్చింది (పిల్లంటే ఆవిడ మనవరాలు).

బొమ్మ గోడకి అంటించి, బట్టీ పట్టిందంతా అప్పజెప్పాను. బంధువుల ఎస్టేటులో ఒంటరిగా గడిచిన ఆ చిత్రకారుడి బాల్యం, మైక్రోస్కోపులో కొత్త లోకం చూపించిన మొక్కల శాస్త్రవేత్త స్నేహం, ఏళ్ల తరబడి నలుపు, ఆ తర్వాత రంగులు. చివరికి చెయ్యి పైకెత్తి, "ఈ కన్ను అనంతాన్ని చూస్తోంది" అన్నాను.

"అనంతం కార్పెట్ కింద ఉందా?" అన్నాడు మేనేజరు.

వెనక్కి తిరిగి బొమ్మ చూశాను. అలవాటుకొద్దీ ఆంటీ పద్ధతిలోనే అంటించాను. బట్టీ పట్టింది మొత్తం ఎగిరిపోయింది, ఉద్యోగమూ పోయిందనుకున్నాను. మిగిలింది ఆంటీ ఒక్కతే. ఇక దిష్టి అంటే ఏమిటో, నిమ్మకాయ ఎందుకో, పిల్ల దగ్గెలా ఉందో చెప్పుకుపోయాను. లంచ్ అయిపోయినా ఎవరూ లేవలేదు. "క్లయింటు మీటింగ్ గదికి అలాంటి దండ ఒకటి కావాలి, సోమవారం తీసుకురా" అన్నాడు మేనేజరు. ఉద్యోగం ఉందని అలా తెలిసింది.

ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పోస్టరు ఆంటీయే నా చేతిలో పెట్టింది. ఇప్పుడది కోవెంట్రీలో మా గుమ్మానికుంది. "డాడ్, ఇట్స్ అప్‌సైడ్ డౌన్" అంటుంది మా అమ్మాయి, స్నేహితుల్ని తెచ్చినప్పుడల్లా సిగ్గుపడుతూ. నేను ఆంటీ చెప్పిన జవాబే చెబుతాను. ఆంటీ పోయి కొన్నేళ్లయింది. గుమ్మం దాటేటప్పుడు ఆ కన్ను కిందికి, నావైపే చూస్తుంది. నేనే ఒక్కోసారి పైకి చూస్తాను.