బొట్టుకు నోచుకోని డబ్బా

ఆ రోజుల్లో మా భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో ఎవరింట్లోనైనా కంప్యూటర్ ఉందంటే, ఆ ఇంట్లో అన్నీ తెలిసినవాడొకడు ఉన్నాడని లెక్క. మా ఇంట్లో ఆ అన్నీ తెలిసినవాణ్ని నేనే. అందుకే ఆ దసరా పొద్దున చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. బాపు వాళ్లమ్మను, నన్ను ఎత్తుకుని పెంచిన మా అవ్వను, అందరి ముందూ "నీకేం ఎర్కనే ముసల్దానా" అన్నాను. కంప్యూటర్ మీద కొబ్బరినీళ్లు పోయడం ఆ తర్వాతి తప్పు. అది చిన్నది. సామాను మారిస్తే పోయింది.

నేనప్పుడు కంప్యూటర్ ఆపరేటరుగా కొత్తగా చేరాను. ఆఫీసులో ఒక మిషను కుప్పకూలి అందరి పనీ గంగలో కలవడం కళ్లారా చూశాను కాబట్టి ఇంట్లో పకడ్బందీ ఏర్పాటు చేసుకున్నాను. కంప్యూటర్లో ఉన్నదంతా ప్రతి ఆదివారం దానంతటదే ఒక బయటి హార్డ్ డిస్కులోకి నకలయ్యేది. మిషను పడిపోతే తిరిగి లేపడానికి ఒక సీడీ చేసి పెట్టాను. (ఆ సీడీని సంజీవని అని వాడకట్టంతా చూపించాను. అది పనిచేస్తుందో లేదో మాత్రం ఒక్కసారీ చూడలేదు.)

నా గొప్పలు విని పక్క క్వార్టరు అక్క తన పాత ఫోన్ పట్టుకొచ్చింది. ఆమెది నర్సింహులపేట దగ్గరి తండా. చనిపోయిన వాళ్లమ్మ లంబాడీలో పాడిన పాటొకటి అందులో ఉంది.

"మా యాడి గొంతు గిదొక్కటే మిగిలింది తమ్మీ. ఫోన్ సచ్చేటట్టున్నది. జర పైలం."

"నా దగ్గర రెండు చోట్ల ఉంటది అక్కా, బేఫికర్ ఉండు" అని పాటను నా కంప్యూటర్లోకి ఎక్కించాను. (రెండు చోట్లూ ఒకే బల్ల మీద ఉన్నాయన్న సంగతి నాకే తట్టలేదు.) కొద్దిరోజులకే ఆ ఫోన్ నిజంగానే చచ్చిపోయింది.

దసరా నాడు పనిముట్లకు పూజ. బాపు బొగ్గు బాయిలోకి పెట్టుకుపోయే టోపీ, లైటు, అమ్మ కుట్టుమిషను, అవ్వ కొడవలి వరసగా పెట్టాం. చివర నా కంప్యూటర్, పక్కనే ఆ డిస్కు.

"గీ డబ్బా ఏంది?" అంది అవ్వ.

"గది బ్యాకప్ అవ్వా. కంప్యూటర్ పోతే పనికొస్తది."

"మరి ఇప్పుడేం పనిజేస్తది?"

"ఏం జెయ్యది, ఊకె ఉంటది."

"నా కొడవలి ఎన్ని మళ్లు కోసిందిరా! ఊకె కూసున్నదానికి పూజేంది? గట్లయితే ముందుగాల నీకు వెట్టాలె బొట్టు."

ఇల్లంతా నవ్వింది. అవ్వ డిస్కును తీసి పక్కన పెట్టింది. నాకు తల తీసేసినట్టయింది. అప్పుడే ఆ మాట అన్నాను, డిస్కును లాక్కుని మళ్లీ వరసలో పెట్టాను. నేను కొబ్బరికాయ కోసం వంటింట్లోకి వెళ్లాను.

వచ్చి, కాయ కొట్టి, కళ్లు మూసుకుని నీళ్లు చిలకరించాను. కోపం మీద ఉన్నానేమో, కంప్యూటర్ మీద చిలకరించడం కాదు, పోశాను. పైన గాలాడే రంధ్రాలున్నాయి. పైగా అది నడుస్తోంది. (ఆపిన మిషనుకు పూజేమిటని నేనే ఆన్ చేశాను.) చిటపటమంది, పొగ వచ్చింది, తెర నల్లబడింది.

"శభాష్ బిడ్డా" అన్నాడు బాపు. "ఇన్నేండ్ల సంది బాయిల జేస్తున్న, ఒక్క మిషన్‌ను గూడ గిట్ల సంపలే."

వాసనకు పక్కింటి అక్క గుమ్మంలోకి వచ్చింది. చూసి, మెల్లగా అడిగింది.

"యాడి పాట ఉన్నదా తమ్మీ?"

డిస్కు కోసం చేయి చాపాను. వరసలో అది లేదు. ఇల్లంతా వెతికాను. అవ్వను అడిగితే గోడవైపు తిరిగింది.

సాయంత్రం జమ్మి తెచ్చాక, ఆ ఆకు అవ్వ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. "తప్పైంది అవ్వా."

"ముసల్దానికేం ఎర్క?"

"నాకే ఏం ఎర్క లేదు."

అవ్వ ఆకును కళ్లకద్దుకుంది. లేచి తన ట్రంకుపెట్టె తెరిచి, పాత చీరముక్కలో చుట్టిన డిస్కును నా ఒళ్లో పెట్టింది. నేను కొబ్బరికాయకు పోగానే మళ్లీ తీసేసిందట.

పండగ తర్వాత హన్మకొండ వెళ్లి కాలిపోయిన సామాను బదులు కొత్తది తెచ్చి బిగించాను. సీడీ వేశాను, డిస్కు తగిలించాను. ఆ పక్కన అక్క, ఈ పక్కన అవ్వ. తెర మీద ఒక గీత మెల్లగా నిండుతూ పోయింది. అది నిండాక మిషను ఒకసారి ఆగి, మళ్లీ తెర వెలిగింది. లోపల బిగించిన, ఏమీ లేని కొత్త డిస్కులో నా పాత కంప్యూటర్ లేచి కూర్చుంది. నేను పెట్టిన బొమ్మలు పెట్టినచోటే, సగం టైపు చేసి వదిలేసిన ఉత్తరం సగంలోనే ఉన్నాయి. పాట నొక్కాను.

లేని మనిషి గొంతు మా గదిలో నిండింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా పాట అయ్యేదాకా కదల్లేదు. తర్వాత దేవుడి దగ్గరికి వెళ్లి కుంకుమ తెచ్చి, డబ్బాకు బొట్టు పెట్టింది.

"ఇగో, ఇప్పుడు పనిజేసింది."

ఆ వారమే పాటను ఇంకో డిస్కులో వేసి, అక్కతో పాటు తండాకు వెళ్లి వాళ్లన్న ఇంట్లో పెట్టి వచ్చాను. అవ్వనూ ఒక పాట పాడమని బతిమాలాను. "నాకేం పాటలొస్తయిరా, ముసల్దానికేం ఎర్క?" అని నవ్వింది. అప్పటికే రికార్డింగు నొక్కేశాను.

ఇప్పుడు అవ్వ లేదు. దసరాకు డిస్కుకే ముందు బొట్టు పెడతాను, పొడి కుంకుమతోనే. కొత్త కంప్యూటర్లోకి పాతదంతా ఎక్కించినప్పుడల్లా మొదట తెరిచి వినేది ఆ నవ్వునే. అందులో ఆమె అడిగే "ముసల్దానికేం ఎర్క?" అన్న ప్రశ్నకు ప్రతిసారీ, "నాకే ఎర్క లేదవ్వా" అంటాను.