ఆలస్యమైతేనే మంచిది

మా ఆయన కళ్లు పచ్చబడగానే రేపల్లెలో ప్రతివాడూ డాక్టరైపోయాడు. మా కొట్టుకి చేపలు కొనడానికొచ్చినవాళ్లు కాటా దగ్గరే ఆయన కనురెప్పలు లాగి మరీ చూశారు. ఆయన అక్క, అంటే మా వదిన, బాపట్ల నుంచి ఆకు పసరు పట్టుకొచ్చి ఉప్పు మాన్పించింది. ఉప్పులేని చేపల పులుసు వండాను. నా జన్మకి అదొక్కటే తక్కువ!

కామెర్లు తగ్గకపోగా ఒళ్లంతా దురద మొదలైంది. ఇక ఊరుకోలేక తెనాలి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక, పైత్యరసం పారే గొట్టంలో గడ్డ ఉందని, అది క్యాన్సరని డాక్టరు చెప్పాడు.

"నాకు పైత్యం ఎక్కువని మా ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉందండి" అన్నాడు ఈయన.

డాక్టరు నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

నోట్లోంచి గొట్టం పంపి, మూసుకుపోయిన చోట చిన్న పైపు పెట్టారు. పచ్చదనం తగ్గాక ఆపరేషన్ చేసి గడ్డ తీయాలన్నారు. కొన్ని వారాలకి పచ్చదనం పోయింది. ఇంకేముంది!

"చూశావా, నా పసరు పనిచేసింది. ఇంక కోతెందుకు తమ్ముడూ?" అంది వదిన.

"అవునక్కా" అని ఈయన తలూపి చేపల కొట్టుకి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెనకే వెళ్లాను.

"పోయింది పచ్చదనం రంగయ్యా, గడ్డ కాదు! నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలి?" అని అందరి ముందూ మొగుణ్ణి పేరు పెట్టి అరిచాను. బేరాలాడేవాళ్లు చేపలు వదిలేసి మమ్మల్ని చూశారు. ఆయన కొట్టు మూశాడు.

ఆపరేషన్ గుంటూరులో. మొదలుపెట్టే ముందు అక్కడి డాక్టరు నన్నొక్కదాన్నే పిలిచాడు.

"గడ్డ తీయగలిగితే ఏడెనిమిది గంటలు పడుతుందమ్మా. తీయలేనంతగా పాకి ఉంటే గంటన్నరలో మూసేసి వచ్చేస్తాం."

ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

గంట గడిచింది. వదిన బల్ల మీద కూర్చుని, "తొందరగా బయటికి పంపించు స్వామీ" అని దణ్ణాలు పెడుతోంది.

"నోరు ముయ్ వదినా!" అన్నాను. ఆవిణ్ణి ఆ మాట అనడం అదే మొదటిసారి.

రెండు గంటలు గడిచాయి. తలుపు తెరుచుకోలేదు. నాలుగు గంటలు గడిచాయి. "ఏదో అయిందమ్మాయ్, ఇంకా రాలేదేంటి?" అని వదిన ఒకటే ఏడుపు. నేను క్యాంటీన్ ఇడ్లీ ఆవురావురుమని తింటున్నాను.

"నీకసలు మనసుందా?" అంది.

నోటినిండా ఇడ్లీ, కళ్లనిండా నీళ్లు. తలుపు వంకే చూస్తూ, "రావద్దు, అప్పుడే రావద్దు" అంటున్నాను.