బావుల తాత పై దవడ పన్ను

ఆ రోజుల్లో కామారెడ్డి చుట్టుపక్కల పంటి నొప్పికి మందు ఒక్కటే: పీకించుకోవడం. పన్నును ఉంచి, దాని వేరులోని నాళాలను మాత్రమే శుద్ధి చేయవచ్చునని చెబితే జనం నన్ను జాలిగా చూసేవారు. ఆ కాలంలో నేను నిలిపిన పళ్ల గురించి మా యువ వైద్యులు నేటికీ గొప్పగా చెప్పుకుంటారు. వాటిలో ఒకదాని ఘనత నాది కాదు. ఆ సంగతి నేను తప్ప చెప్పేవారు లేరు గనుక వ్రాసిపెట్టడం నా విధి.

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఆయనను అందరూ బావుల తాత అనేవారు. బావుల్లో పూడిక తీయడం ఆయన వృత్తి. పై దవడలో ఒక వైపు నమలడానికి మిగిలింది ఒక్క పన్ను, నొప్పి దానికే. "గిది గూడ పోతె జొన్నరొట్టె ఎట్ల నమలాలె, సాబ్?" అన్నాడు. "పోనివ్వను తాతా" అని నలుగురి ముందు మాట ఇచ్చాను (అది తేలికగా మాట ఇచ్చే వయసు). సన్నని ఉక్కు ఫైళ్లను రంగుల వరుసలో పేర్చుకొని, గ్రంథంలో చెప్పినట్లు మూడు నాళాలను గీకి, క్రిమిసంహారక ద్రావణంతో కడుగుతుంటే ఆయన ముక్కు ఎగపీల్చాడు.

"గిదేంది సాబ్, బావిల ఏసే బ్లీచింగ్ లెక్క వాసనొస్తున్నది?"

"దాదాపు అదే, తాతా. క్రిములన్నీ చస్తాయి" అని గర్వంగా చెప్పి, లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసి పంపించాను.

మరునాడు ఆయన భార్య ఆయనను చేయి పట్టుకొని లాక్కువచ్చింది. "నిన్నటి సంది మాట లేదు, ముద్ద లేదు, బిడ్డా! మందేసిన బావిల దినమంత బొక్కెన ఎయ్యరు గద, గందుకే నోరు తెరుస్తలేడు. నీ నోట్లె బావి ఉన్నదా, ముసలోడా?" తాత తొణకకుండా గోడ గడియారం వైపు వేలు చూపాడు. ఒక రోజు గడువుకు ఇంకా పది నిమిషాలు ఉన్నాయి. (ఏమి చేయాలో తోచక నేనూ గడియారం చూస్తూ నిలబడ్డాను.) గడువు తీరాక ఆయన పలికిన మొదటి మాట: "నొప్పి గట్లనే ఉన్నది, సాబ్."

నా పనిలో లోపం ఉండే ప్రసక్తే లేదని నా నమ్మకం. "మూడు నాళాలూ శుభ్రం చేశాను. ఇంకా నొప్పి ఉన్నదంటే ఆ పన్నే పనికిరాదు. తీసివేయడమే" అని పటకారు అందుకున్నాను.

"ఆగు సాబ్. పూడిక తీసి మందేసినంక గూడ మురికి నీళ్లొస్తున్నయంటె, యాడనో ఇంకో ఊట బురదల ఉన్నట్టు. ఒక్కపారి గోడ పొంటి గీకి సూడు."

"తాతా, ఇది బావి కాదు."

"బావి కాకుంటె బ్లీచింగ్ ఎందుకేసినవ్?"

ఆయన మాట తప్పని నిరూపించడానికే మూత తీసి, మొదటి నాళం పక్కనున్న గాడిలో అన్నిటికన్నా సన్నని ఫైలును ఆనించాను. అది దిగింది. ఇంకా దిగింది. నాలుగో నాళం! నోరు తెరిచి ఉన్నందున తాత నవ్వలేకపోయాడు. ఆ లోటు అవ్వ తీర్చింది.

దానినీ గీకి, కడిగి, మందు పెట్టాను. నొప్పి పోయింది. వారం తరువాత నాళాలు నింపి పన్ను మూశాను. "నీ చెయ్యి మంచిది, సాబ్" అని తాత నలుగురిలో అన్నాడే గాని, ఊట మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పేరు నాకే మిగిలింది.

పటకారు పట్టుకొని నిలబడ్డ ఆ కుర్ర వైద్యుని గంభీర వదనం తలపుకు వస్తే ఇప్పటికీ నవ్వు ఆగదు. బావుల పని గురించి గాని, తాత పలుకుల విషయంలో గాని నేను పొరబడి ఉంటే పాఠకులు దయచేసి దిద్దగలరు. అడగనిదే ఎవరూ నన్ను దిద్దని వయసుకు వచ్చాను.