గిటారు మీద మూడు వేళ్ల మరక

శనివారం పొద్దుగూకితే హన్నమ్మకు రెండు పనులు ఉండేవి. ముందు లాంతరు చిమ్నీ తోమడం, ఆ తర్వాత గోడకు తగిలించిన గిటారును దించి పొడిగుడ్డతో తుడవడం. తెల్లారితే ఆదివారం. గుడిలో ఆమె పెనిమిటి దావీదు గిటారు మీటుతుంటే ఆళ్లగడ్డ సంఘమంతా గొంతు కలిపేది. 1955 ఎండాకాలం నుంచి గోడకు మేకు మాత్రమే మిగిలింది. అలవాటుపడిన చెయ్యి ఊరుకోదు కదా, హన్నమ్మ తోమిన చిమ్నీనే మళ్లీ తోమేది.

దావీదు మిషను బడిలో పంతులు. నంద్యాలలో ఉన్న ఒక దొరసాని స్వదేశానికి పోతూ, తన తండ్రి కాలం నాటి గిటారును అతని చేతిలో పెట్టి పోయింది. అంత పాత కొయ్య ఎండి బీటలు వారుతుందేమోనని హన్నమ్మకు భయం పట్టుకుంది. దావీదు బడికి పోయిన పూట, తలుపులకు పెట్టినట్టే దానికీ ఆముదం పెట్టింది. మూడు వేళ్లతో ఒక్కసారి రాసిందో లేదో, కొయ్య ఆముదాన్ని తాగేసింది. గుండ్రటి కన్నం కింద మూడు వేళ్ల నల్ల మరక పడింది. ఎంత తుడిచినా పోలేదు.

"ఏందే ఇది? బండి ఇరుసనుకొన్యావా, ఆముదం పెట్టేకి?" అని దావీదు పడీపడీ నవ్వాడు. హన్నమ్మకు మాత్రం సిగ్గు పోలేదు. ఎవరైనా గిటారు వైపు చూస్తే తన తెలివితక్కువతనాన్నే చూస్తున్నారనిపించేది.

తర్వాత కొన్నేళ్లకు ఆ గిటారు మెడ ఊడింది. బాగుచేయించుకొస్తానని దావీదు మద్రాసుకు పోయాడు. అక్కడ విషజ్వరం తగిలి ఆసుపత్రిలో కన్నుమూశాడు. తంతి ఇక్కడికి చేరేలోపే అక్కడ మట్టి చేసేశారు. అతని గుడ్డలూ కళ్లద్దాలూ పోస్టులో వచ్చాయి. గిటారును ఏ అంగట్లో ఇచ్చాడో చెప్పేవాళ్లు లేరు. కడసారి మొగమైనా చూడలేకపోయింది హన్నమ్మ. ఆయన చేత పట్టుకుపోయిన ఆ వస్తువైనా ఇల్లు చేరితే చాలని రోజూ ప్రార్థనలో అడిగేది. బయటికి మాత్రం ఎన్నడూ అనలేదు.

రెండేళ్లు గడిచాయి. ఆళ్లగడ్డకు డేరా సినిమా వచ్చింది. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"సినిమాకు పోతే పాపమంటారు మా గుడి అయ్యగారు" అంది హన్నమ్మ.

"మీ అయ్యగారు నంద్యాలలో ఉండాడు. ఆడ్నుంచి ఈడిదాకా కనపడతాదా ఆయనకు? లెయ్, కొంగు కప్పుకో."

నేల టికెట్టు. ఇసకలో కూర్చున్నారు. సగం కథ నడిచాక, కథానాయకుడు మెట్ల మీద కూర్చుని గిటారు మీటుతూ పాట ఎత్తుకున్నాడు. డేరాలో ఉన్నవాళ్లంతా అతని మొగం చూస్తున్నారు. హన్నమ్మ చూపు కన్నం కిందికి పోయింది. అక్కడ మూడు వేళ్ల మరక.

"సుబ్బక్కా, అది మాది."

"ఏందది?"

"ఆ గిటారు. మా ఇంట్లోది."

"ఊరుకో తల్లీ! ఐతే తెర మీద ఆ యమ్మ కట్టుకున్న చీర నాది. మొన్న దండెం మీదినుంచి ఎగిరిపాయె!" అని నవ్వబోయిన సుబ్బలక్ష్మమ్మ, హన్నమ్మ చెంపలు తడిసి ఉండటం చూసి నోరు మూసుకుంది. మర్నాడు తనే లాక్కొచ్చి, తెర ముందు మొదటి వరుసలో కూర్చోబెట్టింది.

పాట రాగానే హన్నమ్మ మూడు వేళ్లూ చాపి, తెర మీద మరకకు ఎదురుగా పెట్టి చూసుకుంది. చిన్నప్పుడు రోకలి పడి ఆమె ఉంగరం వేలు వంకరపోయింది. మరకలో మూడో గీత కూడా వంకరే.

"ఎవరమ్మా ఆ చెయ్యి? దించు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆమె దించలేదు.

మద్రాసు సినిమా కంపెనీకి ఇంగ్లీషులో జాబు రాయగలిగింది అయ్యగారొక్కరే. రాయమని అడగాలంటే సినిమాకు పోయిన సంగతి ఒప్పుకోక తప్పదు. దారి పొడుగునా భయపడుతూనే బస్సెక్కి నంద్యాలకు పోయింది.

"సినిమాకు పోయినావా హన్నమ్మా?"

"పోయినానయ్యగారూ. రెండు పొద్దులు."

"రెండు పొద్దులా!"

"మొదటినాడు నా కండ్లను నేనే నమ్మలేదు. అందుకని మళ్లా పోయినా."

"మద్రాసులో పాత గిటార్లు ఎన్ని లేవు? ఎన్నిటికి మరకలుండవు?"

"ఉంటాయయ్యగారూ. గిటారుకు ఆముదం పూసే మనిషి మళ్లొకతె ఉంటాదా?" అంటూ వంకర వేలు చూపించింది.

అయ్యగారికి నవ్వు ఆగలేదు. కళ్లద్దాలు తుడుచుకుని కలం తీశారు. "ఇంకొక గుర్తు చెప్పు. వాళ్లు అడుగుతారు."

"మా బిడ్డ సువార్త పుట్టిన్నాడు, మా ఆయన తీగలిప్పి కన్నంలో చెయ్యి పెట్టి, లోపల పెన్సిలుతో బిడ్డ పేరు రాసినాడు. అద్దం పెట్టి చూడమనండి."

మూడు నెలలకు జవాబు వచ్చింది. రాసింది కంపెనీవాళ్లు కాదు, గిటారు బాగుచేసిన ముసలి పనివాడు. అయ్యగారు చదివి తెలుగులో చెప్పారు. 'కంపెనీవాళ్లు మీ జాబు నాకు పంపారు. అద్దం పెట్టి చూశాను, పేరు ఉంది. పంతులుగారి కోసం ఏడాది ఎదురుచూశాను. ఇంటి చిరునామా నా దగ్గర లేదు. అందుకే సినిమావాళ్లు అడిగితే ఇస్తూ వచ్చాను. మెడ గట్టిగా ఉంది, పంపిస్తున్నాను. మరక గీకి కొత్త రంగు వేస్తానంటే పంతులుగారు ఒప్పుకోలేదు. అది మా ఇంటామె చెయ్యి, దాని జోలికి పోవద్దు అన్నారు.'

హన్నమ్మ ఆ మాటను మళ్లీ చదవమంది. అయ్యగారు చదివారు. చదివి, జాబు మడుస్తూ, "ఈసారికి నీకు టికెట్టు దేవుడే కొనిచ్చాడనుకుందాంలే" అన్నారు.

నంద్యాల స్టేషనులో పార్సిలు విడిపించుకుని, ఆళ్లగడ్డ బస్సులో దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది.

"ఏందమ్మా, దీనికి అర టికెట్టు కొట్టాల్నా?" అన్నాడు కండక్టరు.

"కొట్టప్పా, కొట్టు. శానా దూరం పోయొచ్చింది" అంది. రెండేళ్ల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ శనివారం పొద్దుగూకేసరికి తొమ్మిదేళ్ల సువార్త, సుబ్బలక్ష్మమ్మ ఇచ్చిన మురుకులు తింటూనే వచ్చి, గిటారును ఒళ్లోకి లాక్కుని తీగలు మీటింది. అప్పుడే నూనెలోంచి తీసిన మురుకులు. పిల్ల లేచి పోయాక చూస్తే, పాత మరక పక్కన నాలుగు చిన్న వేళ్ల అచ్చులు నిగనిగలాడుతున్నాయి.

హన్నమ్మ పొడిగుడ్డ తీసింది. ఆ అచ్చుల దాకా పోయిన చెయ్యి ఆగింది. గిటారును ఉన్నదున్నట్టే మేకుకు తగిలించి, గుడ్డ మడిచి గూట్లో పెట్టి, చిమ్నీ తోముకోవడానికి కూర్చుంది. ఆ రోజు ఒక్కసారే తోమింది.